తూములో చీర ముక్క

ఈ వసంతంలో కురిసిన ఉరుముల వానకు బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లోని ఆ పాత ఇంటి ముందు వీధి మూడు రోజుల పాటు చెరువై నిలిచింది. వాన వెలిసిన నాలుగో నాడు నేను అక్కడికి పరామర్శకు వెళ్ళాను. ఆ ఇంటి పెద్దావిడ తొంభై ఏళ్ళు దాటాక కన్నుమూసింది. నా యౌవనంలో పదకొండేళ్ళు ఆమెకు పరిచర్య చేశాను. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు యజమానురాలిని పిలిచే పద్ధతిలోనే నేనూ ఆమెను 'మామా' అని పిలిచేదాన్ని. గుదైబియాలో నా గది నుంచి టాక్సీలో వెళ్తుంటే దారి పొడుగునా ట్యాంకర్లు బారులు తీరి రోడ్ల మీది నీటిని గొట్టాలతో పీల్చుకుంటున్నాయి. వాన రాకముందే ప్రతి ఒక్కరి ఫోనూ హెచ్చరించింది. పల్లపు దారులకు వెళ్ళవద్దని, కార్లు బయటికి తీయవద్దని మూడు భాషల్లో చెప్పింది. చెప్పినా మా భవనంలోని మన కుర్రవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో దిగి, ఒకడు పడవ నడిపినట్టు నటిస్తుంటే మిగిలినవాళ్ళు వీడియోలు తీసుకున్నారు. 'ఇదీ ఒక వానేనా పెద్దమ్మా, మేం తుపానులు చూసినవాళ్ళం' అని నాతోనే అన్నారు. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నదే. అందువల్ల వాళ్ళను మందలించే అర్హత నాకు లేకపోయినా గట్టిగానే మందలించాను. క్రమశిక్షణ అనేది మందలించేవారి యోగ్యతను బట్టి ఆగకూడదు.

మామా కూతురు నూరా గుమ్మం దాకా ఎదురొచ్చింది. నేనెరిగిన కాలంలో కాలేజీకి వెళ్ళే పిల్ల. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడుస్తోంది. హాలులో అదే బుఖూర్ ధూపపు పొగ, ఏలకులు వేసి కాచిన కాఫీ వాసన, వాటి అడుగున తడిసిన తివాచీల ముక్క వాసన. నేను కూర్చోగానే నా చూపు కప్పు మీదికి పోయింది. ఒక మూల గచ్చు రంగు తక్కిన కప్పు రంగుతో కలవదు. ఎన్ని సున్నాలు వేసినా ఆ అతుకు తెలుస్తూనే ఉంటుంది. నూరా నా చూపును గమనించి, అరబీ కలిసిన హిందీలో, "అదేనమ్మా, మీ వాన పడిన చోటు," అని నవ్వింది. మీ వాన అన్నదేమిటని అడగబోయాను. కానీ ఆమె అప్పుడే మరొకరిని పలకరించడానికి లేచి వెళ్ళింది. నేను ఒంటరిగా ఆ అతుకు కింద కూర్చున్నాను.

నేను ఆ ఇంటికి వచ్చేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, మంచి మార్కులు తెచ్చుకుని, ఉద్యోగం కోసం నాలుగేళ్ళు ఎదురుచూసి, చివరికి అంట్లు తోమడానికి సముద్రం దాటాను. ఆ అవమానాన్ని నేను క్రమబద్ధత అనే దుప్పటితో కప్పుకున్నాను. మామా స్వయంగా క్రమం కోసం పుట్టిన మనిషి. తెల్లవారకముందే లేచి ప్రార్థన ముగించుకుని, నడుముకు కట్టిన తాళాల గుత్తి మోగుతుండగా ఇల్లంతా ఒకసారి తిరిగేది. చెప్పులు గుమ్మం ఎడమ వైపున, మడమలు గోడకు ఆనేటట్లు ఉండాలి. ఎండు నిమ్మకాయల సీసా మూత వదులైతే వంటగది తలుపు దగ్గర నిలబడి ఏమీ అనకుండా ఆ సీసా వైపే చూస్తూ ఉండేది, మనం వచ్చి బిగించేదాకా. పెరడు ఎండ ఎక్కకముందే కడగాలి. శుక్రవారం అన్నంలోకి మాంసం తానే ఎంచి ఇచ్చేది. ఆరు నెలల్లో నేను ఆమె భాష నేర్చుకున్నాను. ఏడాదిలో ఆమె చూపును నేర్చుకున్నాను. రెండో పనిమనిషిగా మంగ వచ్చేటప్పటికి, ఆ చూపు నాకు సొంతమైపోయింది.

మంగ మా జిల్లాదే. మా ఊరికి రెండు కాలువల అవతల. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. అక్షరం రాదు. అరబీ, హిందీ రెండూ రావు. ఆమెకూ ఆ ఇంటికీ మధ్య ఉన్న ఏకైక వంతెన నేనే. వచ్చిన మొదటి వారంలోనే తన వీపు చూపించింది. మొగుడు సలసల కాగే గంజి పోశాడు. ఆ మచ్చ భుజం నుంచి నడుము దాకా పటంలోని నదిలా దిగి ఉంది. అన్న దొంగచాటుగా ఆమెను విమానం ఎక్కించాడు. "ఈసారి దొరికితే సంపేత్తానన్నాడక్కా. అన్నంత పనీ సేత్తాడు. నన్ను ఎనక్కి పంపకుండా సూడండి. మీరేం సెబితే అది సేత్తాను," అని నా చేతులు పట్టుకుంది. నేను చేతులు విడిపించుకుని, వంటగది గోడకు అంటించిన కాలపట్టిక చూపించాను. చదవలేనిదానికి పట్టిక చూపించడంలోని క్రూరత్వం అప్పుడు నాకు తోచలేదు. ఆ తర్వాత రోజూ ఆమె చేసిన పనిలో ఏదో ఒకటి రెండోసారి చేయించేదాన్ని. గిన్నెలో నా ముఖం కనబడకపోతే మళ్ళీ తోమించేదాన్ని. భోజనం దగ్గర మాట్లాడకూడదన్నాను. మాట్లాడింది. ఆ వారం ఆమె అన్నకు పంపవలసిన మాటల క్యాసెట్టు పంపించకుండా నా పెట్టెలో దాచాను. ఆమె నన్ను 'పంతులమ్మ' అని పిలిచేది. మొదట గౌరవంగా, పిమ్మట మరో విధంగా. "మా పంతులమ్మకి బెత్తం లేదు గానీ కళ్ళున్నాయి," అని డ్రైవరు జహంగీర్ భాయ్‌తో అంటుంటే ఒకసారి విన్నాను. జహంగీర్ కరీంనగర్ వైపు మనిషి. వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయికొచ్చినా బడి తప్పలె నీకు, ఏం నసీబే మంగా," అని అతను నవ్వాడు. ఆ రాత్రి ఆమెకు పెరుగు పెట్టలేదు.

ఇక పప్పు సంగతి చెప్పాలి. మాది సముద్రాన్ని ఆనుకున్న ఊరు. బావుల్లో ఉప్పునీరు. ఉప్పునీటిలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గుండ్లలాగే ఉంటుంది. అందువల్ల మా ఇళ్ళలో వాన నీటికి ఒక మర్యాద ఉండేది. మొదటి జల్లును మురికి పోయేందుకు వదిలేసి, ఆ మీదట ఉతికిన పంచెను నాలుగు గుంజలకు కట్టి, నడుమ రాయి వేసి, కింద బిందె పెట్టేవారు. వాన నీటితో ఉడికిన పప్పు వెన్నలా విడిపోయేది. ఆ రోజు ఇంట్లో నెయ్యి లేకపోయినా పండుగే. బహ్రెయిన్‌లో ఆ రోజుల్లో కొళాయి నీరు మా బావి నీటికి చెల్లెలు. తియ్యని నీరు డబ్బాల్లో వచ్చేది. అది కుటుంబం కాఫీకి, అన్నానికి. మా పొయ్యి మీదికి కొళాయి నీరే. ఏడాదిన్నరగా నేను గట్టిపప్పు నములుతున్నాను. మనిషి ఎంత చదువుకున్నా, ఎంత కఠినంగా ఉన్నా, నాలుక మాత్రం పుట్టినచోటే ఉంటుంది.

అక్కడివాళ్ళు 'సరాయాత్' అని పిలిచే గాలివానలు చలికీ ఎండకూ నడుమ కొన్ని వారాలు వస్తాయి. పొద్దున ఆకాశం శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నానికి పడమట ఒక గోడ లేస్తుంది. ఆ రోజు ఆ గోడ ఇటుక రంగులో లేచింది. నూరాను కాలేజీ నుంచి తేవడానికి బయలుదేరుతూ జహంగీర్ పెరట్లో నిలబడి పైకి చూశాడు. "పంతులమ్మా, ఇయ్యాల లోపల్నే ఉండుర్రి. ఈడ వాన మన తీరు గాదు. నేల తాగది. ఎటున్నదటు ఉరుకుతది," అన్నాడు. "మేం తుపానుల్లో పుట్టిన వాళ్ళం జహంగీర్," అన్నాను. "ఔ, తుపాన్ల పుట్టినోళ్ళే మునుగుతరు," అని అతను కారెక్కాడు. నేను మంగను తీసుకుని మేడ ఎక్కాను. ఆ ఇంటి పాతభాగం కప్పు దూలాల మీద మట్టి, గచ్చు పరిచి కట్టింది. చుట్టూ పిట్టగోడ. వీధి వైపుకు వాలు. ఆ వైపున వాన నీరు పోయేందుకు రెండు తూములు. మెట్ల గది తలుపు కూడా ఆ వాలులోనే ఉంది, నాలుగు వేళ్ళ ఎత్తు గడపతో. వాన వస్తుందన్న ఆశతో పొద్దున్నే కప్పు రెండుసార్లు కడిగించి ఉంచాను. లెక్క పక్కాగా వేసుకున్నాను: మొదటి జల్లు పోనిచ్చి, తూములు రెండూ మూసి, నీరు బెత్తెడు నిలవగానే బిందెలతో తోడుకోవడం. తూములో కుక్కడానికి గుడ్డ కావాలి. నా చీరలు మంచివి. మంగ తాడు మీద ఆరేసుకున్న పాత నేత చీర తీసి రెండు ముక్కలు చేశాను.

"వద్దండక్కా," అంది మంగ. "ఇది మన మేడ కాదు. పై నుంచి కారితే మామా ఊరుకోదు."

"వాన నాకు నేర్పుతావా?"

"మీకు నేర్పేదాన్నా నేను? నా సీర పోయింది పోనీండి. ఆ తూము ఒక్కటైనా ఒగ్గేయండి."

"నోరు మూసుకుని బిందెలు తే."

మొదటి చినుకులు బొబ్బల్లా పడ్డాయి. దుమ్ము లేచి తడిసిన ఇనుము వాసన వేసింది. నేను పది నిమిషాలు గడియారం చూసి, గుడ్డలు రెండు తూముల్లోనూ మోచేతి లోతు కుక్కాను. అదే క్షణంలో కిందినుంచి మామా కేక వేసింది, పెరట్లో ఆరవేసిన తివాచీలు లోపలికి తెమ్మని. ఇద్దరం పరుగెత్తాం. మా ఊరి వాన పూట పూటంతా కురుస్తుంది. నా లెక్క ఆ వానది. ఈ వాన అరగంటలో తన ఏడాది కోపమంతా కక్కింది. వడగళ్ళు నీళ్ళట్యాంకు రేకును వాయిస్తుంటే మాట వినబడలేదు. వీధిలో నీరు ఎర్రగా, నురగతో, పక్క సందులోంచి గుర్రంలా వచ్చింది. ఎదురింటివాళ్ళ కారు దానికదే కదిలి, తిరిగి, గోడకు ఆనింది. చెత్తడబ్బాలు, ఒక పిల్లల సైకిలు, చచ్చిన పిల్లి మా గేటు ముందు నుంచి పోయాయి. జహంగీర్ కారును మలుపు దగ్గర వదిలి, నూరాను ఎవరింటి మెట్లమీదో భద్రంగా నిలబెట్టి, నడుం లోతు నీటిలో గోడలు పట్టుకుంటూ వచ్చాడు. అంతలో మేడమెట్ల మీదుగా నీరు మెట్టు మెట్టూ దిగి హాలులోకి వచ్చింది. కప్పు మూల నుంచి ముందు చుక్కలు, తర్వాత ధార, ఆ తర్వాత మంచమంత గచ్చు ఊడి కింద పడింది. కుర్చీలోంచి లేవబోతున్న మామా పాదం దాని కింద పడి ఎముక విరిగింది. ఆ శబ్దం నాకు వడగళ్ళ మోతలో కూడా వినబడింది.

నాకు వెంటనే తూములు గుర్తొచ్చాయి. కాళ్ళు కదలలేదు. మంగ కదిలింది. నన్ను చూడకుండా, నన్ను అడగకుండా మెట్లెక్కి పోయింది. వడగళ్ళు వీపు మీద పడుతుంటే బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి తూములోకి దూర్చి గుడ్డ లాగిందట. రెండోది లాగేటప్పటికి అరచెయ్యి చీరుకుపోయింది. ఆమె లాగకపోతే ఆ కప్పు మొత్తం మా మీద కూలేదని తర్వాత మేస్త్రీ చెప్పాడు. కిందికి వచ్చేటప్పటికి ఆమె చేతిలో రక్తం, నీరు కారుతున్న చీర ముక్కలు ఉన్నాయి. ఇంట్లో అందరికీ తెలిసిన చీర.

మామా నొప్పితో ముఖం నల్లబడి ఉంది. ఆ స్థితిలోనూ గొంతు పెంచలేదు. గుడ్డల వైపు వేలు చూపి నన్నే అడిగింది, "మిను సవ్వా హాదా?" ఇది చేసిందెవరు అని. నేను మంగ వైపు తిరిగి తెలుగులో, "ఏం జరిగిందో చెప్పు," అన్నాను. ఎందుకడిగానో నాకిప్పటికీ తెలియదు. బహుశా విచారణ సక్రమంగా జరిగినట్టు ఉండాలని. మంగ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "తీసేశానని సెప్పండక్కా. మీరు పెట్టారని సెప్పొద్దులెండి, వాన నీళ్ళకని ఇద్దరం అనుకున్నామని సెప్పండి. మన పక్క ఇలాగే పడతామని, తెలీక సేశామని సెప్పండి. కాళ్ళు పట్టుకుంటానని సెప్పండి." నన్ను కూడా తన కొంగు కింద దాచుకుంటూ అన్న ఆ నాలుగు వాక్యాలను నేను ఒకే ఒక్క మాటలోకి అనువదించాను.

"హియ్యా," అన్నాను. ఆమే.

మంగకు భాష రాదు గానీ ముఖాలు చదవడం వచ్చు. గంజి పోసేవాడితో కాపురం చేసినవాళ్ళకు ఆ విద్య తప్పనిసరి. నా ముఖం, మామా ముఖం ఒకదాని తర్వాత ఒకటి చూసింది. చీర ముక్కలు నేల మీద పెట్టి, వాటిని నాలుగు మడతలు పెట్టింది. వంకర లేకుండా, నేను నేర్పినట్టే. గుమ్మంలో జహంగీర్ నడుం నుంచి నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాడు. తెలుగూ అరబీ రెండూ తెలిసినవాడు ఆ గదిలో నేను కాక అతనొక్కడే.

మూడో రోజున మామా భర్త టికెట్టు తెచ్చాడు. ఆమె సంచి నేనే సర్దాను. దాచిన క్యాసెట్టు అడుగున పెట్టాను. మంగ ఏడవలేదు. ముందురోజు మాత్రం ఒకసారి, "మా ఆయనకి కబురు ఎల్లకుండా అన్నకి సెప్పించగలరా అక్కా?" అని అడిగింది. చూస్తానన్నాను. చూడలేదు. ఆమె కారెక్కాక జహంగీర్ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "నాకు తెలుగొస్తది పంతులమ్మా. యాది పెట్టుకో," అన్నాడు. అంతే. ఆ నాటి నుంచి నేను అతనికి భయపడ్డాను. శుక్రవారం అన్నంలో మంచి మాంసపు ముక్కలు ఏరి అతని పళ్ళెంలో పెట్టేదాన్ని. అతను వద్దనేవాడు కాదు. నెల తిరక్కుండా మామా నడుము నుంచి సామాన్ల గది తాళం విప్పి నా చేతికిచ్చింది. విశ్వాసానికి బహుమతి అనుకున్నాను. ఆ తాళాన్ని నేను మిగిలిన తొమ్మిదిన్నరేళ్ళూ దిండు కింద పెట్టుకుని నిద్రపోయాను. నిద్ర పట్టేది. అది కూడా ఇక్కడ రాయాలి.

నాలుగేళ్ళ తర్వాత సెలవులో మంగ ఊరు వెళ్ళాను. మొగుడు ఆమెను చంపలేదు. ఎడమ చెవి వినబడకుండా చేసి, తర్వాత మరొకతెతో వెళ్ళిపోయాడు. రొయ్యల చెరువుల దగ్గర పనికి పోతోంది. నన్ను చూసి ముక్కాలిపీట వేసింది. వినబడే చెవి నా వైపు తిప్పి కూర్చుంది. నేను ఏదో అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరితోనైనా అన్నారా మీరు, మీరే పెట్టారని?"

"లేదు."

"అనకండి. ఆరు నెల్లకే ఎందుకు పంపేశారే అని ఊరంతా అడిగారు. ఎవడితోనో దొరికుంటాదన్నారు. తూములో గుడ్డెట్టి ఇల్లు ముంచాననీ, అందుకే పంపారనీ సెప్పాను. నవ్వారు. నవ్వితే నవ్వారు, నా బతుకు నిలబడింది. ఇప్పుడొచ్చి నిజం సెబితే మళ్ళీ మొదటికొత్తాది. మీకు పున్నెం ఉంటాది, ఆ గుడ్డ నాకొగ్గేయండి."

నేను తలూపాను. టీ ఇచ్చింది. ఆ టీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. తాగాను.

ఇదంతా ఆ అతుకు కింద కూర్చుని నెమరు వేసుకుంటుండగా నూరా తిరిగి వచ్చి నా పక్కన చేరింది. తల్లి చివరి నెలల గురించి, విరిగి అతికిన పాదం చలికాలంలో ఎలా సలిపేదో చెప్పింది. నేను ఇక ఆగలేకపోయాను. ఇంటి పెద్ద పోయాక అబద్ధాన్ని మోయడం క్రమం కాదనిపించింది. "నూరా, ఆ రోజు తూములు మూసింది మంగ కాదు, నేను," అన్నాను. ముప్పై ఆరేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

నూరా ఆశ్చర్యపోలేదు. "తెలుసు కదా," అంది. "ఆ సాయంత్రమే జహంగీర్ అమ్మకు చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను."

"మరి...?"

"ఒకర్ని పంపక తప్పదు, నాన్న అంత కోపంలో ఉన్నారు. నువ్వు భాష నేర్చావు, ఇల్లు నడుపుతున్నావు. నిన్ను పంపితే అమ్మకు మళ్ళీ మొదటి నుంచి పని. రెండోవాళ్ళు ఎప్పుడైనా దొరుకుతారు." కాఫీ గిన్నెలో కొంచెం పోసి నాకందించింది. "నువ్వు నిజం చెప్పినా ఆమెనే పంపేవాళ్ళం. ఖలాస్, ఎప్పటి మాటో. తాగు, చల్లారుతుంది."

నూరా నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నది. ఆమె స్వభావంలో చెడు లేదు. ఆ తాళం నాకెందుకిచ్చారో అప్పుడు తెలిసింది. అబద్ధమాడగలిగిన మనిషి చేతిలో ఇల్లు గట్టిగా ఉంటుందని మామాకు తెలుసు. గేటు దగ్గర కొత్త పనిమనిషి, శ్రీకాకుళం వైపు అమ్మాయి, చీపురుతో వాన బురద వీధిలోకి నెడుతోంది. "ఏ ఊరమ్మా?" అని ఆమె నన్నడిగింది. చెప్పకుండా టాక్సీ ఎక్కాను.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని నన్ను అడుగుతారు. వాన వస్తున్నదని ఇప్పుడు ముందుగా తెలుస్తుంది. ట్యాంకర్లు వస్తాయి. ఇల్లు మునిగితే దానికి కారణమైన మనిషిని వెతికి పంపేయడం మాత్రం అప్పటిలాగే, ట్యాంకర్ల కంటే ముందే జరుగుతుంది. ఈ అధ్యాయం రాయడం మంగకు నేనిచ్చిన మాట తప్పడమే. ఆమె బతికే ఉంది. ఆమె మనవలకు చదువు వచ్చు. అందుకే ఆమె పేరు మార్చాను, ఊరిని రెండు కాలువలు అటు జరిపాను, వీపు మీది మచ్చను తప్ప ఆనవాలు ఏదీ మిగల్చలేదు. ఆ మచ్చ కూడా తీసేయవలసిందే. మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు మళ్ళీ రాశాను. అది లేకపోతే ఆమె ఎక్కడికి తిరిగి వెళ్ళిందో చదివేవారికి తెలియదు, 'హియ్యా' అన్న నా మాట చిన్నదైపోతుంది. నా వాక్యం నిలబడటానికి ఆమె వీపు కావలసివచ్చింది. ఈసారి కూడా ఆమెను అడగలేదు.